గుబురు కట్టిన లిల్లీ దుంపలు ఇప్పుడు తవ్వి వేరే మడిలోకి మార్చొచ్చా? (విశాఖ)

మధురవాడ_పెరడు
జనవరి 24, ఉదయం

నమస్కారం అండీ. ఇంటి ముందు ప్రహరీ వారగా 8 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు మడి ఒకటి ఉంది. ఎర్ర గరప మట్టి. పొద్దుటి నుంచి మధ్యాహ్నం రెండింటి దాకా ఎండ పడుతుంది. నాలుగేళ్లుగా కదపని దుంపలు అందులో ఇవి:

ఎర్ర లిల్లీ. పొడుగాటి బోలు కాడ, బూరల్లాంటి ఎర్రపూలు, రేకు మధ్యలో తెల్లచార. మడిలో ముప్పాతిక వంతు ఇవే. ఒకదాన్నొకటి తోసుకుంటూ మట్టిపైకి వచ్చేశాయి. మొదటి రెండేళ్లూ బాగా పూశాయి. పోయిన వేసవిలో మడి మొత్తానికి మూడే కాడలు. ఆకు మాత్రం దిట్టంగా ఉంది.

దండల్లో గుచ్చే లిల్లీ, ముద్ద రకం. ఆకు చాలామటుకు పసుపెక్కింది.

ఫుట్‌బాల్ లిల్లీ, బంతిలా గుండ్రటి ఎర్రపువ్వు పూసేది, నాలుగో ఐదో ఉండాలి. డిసెంబరులోనే ఆకు పడిపోయింది, ఎక్కడున్నాయో ఆనవాలు లేదు.

అంచు వెంట గులాబీ రంగు వాన లిల్లీ, గడ్డిలా అల్లుకుపోయింది.

మార్చి మొదటి వారంలో ప్రహరీ పడగొట్టి మళ్లీ కడతారు, కాబట్టి ఫిబ్రవరి ఆఖరికి మడి ఖాళీ కావాలి. ఇంటి వెనక ఇదే కొలతకి ఇంకో మడి వేయడానికి చోటుంది. అన్నీ ఒకేసారి తవ్వేయొచ్చా? తవ్వాక ఆరబెట్టాలా, వెంటనే పాతేయాలా? చిన్న చిన్న పిలకలు దాచాలా, పారేయాలా? ఈ వేసవి పూల మీద ఆశ వదులుకోవాల్సిందేనా?

సీతమ్మధార_మేడతోట
జనవరి 24, సాయంత్రం

తవ్వడం ఒకేసారి తవ్వొచ్చు, పాతడం మాత్రం ఒకేసారి కుదరదు. నాలుగింటికీ లిల్లీ అని తోక తగిలించాం గానీ వీటిలో అసలు లిల్లీ ఒక్కటీ లేదు. ఒకదానికి చేసే పని ఇంకోదాన్ని చంపుతుంది. ఎర్ర లిల్లీ సంగతి నేను చెబుతాను, మిగతావి తెలిసినవాళ్లు చెబుతారు.

మీరు చెప్పిన పువ్వుని నర్సరీల్లో అమరిల్లిస్ అంటారు, శాస్త్రంలో పేరు హిప్పియాస్ట్రమ్. చలి దేశాల్లో దీని ఆకు పూర్తిగా ఎండిపోయి దుంప నిద్రపోతుంది. మన విశాఖ చలికి అంత నిద్ర పట్టదు, ఆకు సగం పచ్చగానే ఉండి ఊరికే పెరగడం ఆపేస్తుంది. ఆ ఆగిన సమయం ఇదే. ఫిబ్రవరి నడిమి నుంచి మెడ పక్కన మొగ్గ ముక్కు కనిపించడం మొదలవుతుంది. ముక్కు కనిపించిన దుంపని తవ్వితే కాడ పొట్టిగా ఉండిపోతుంది, లేదా మొగ్గ లోపలే వాడిపోతుంది. అంచేత ఈ వారమో వచ్చే వారమో తవ్వేయండి, ఫిబ్రవరి ఆఖరి దాకా ఆగొద్దు.

పూలు ఎందుకు తగ్గాయో అర్థమైతే ఎలా విడదీయాలో కూడా తెలుస్తుంది. ఈ దుంప లోపల సుమారు నాలుగు ఆకులకి ఒక మొగ్గ చొప్పున తయారవుతుంది, అది కూడా పూసే కాలానికి ఏడాది ముందు నుంచే. గుబురులో ఇరుక్కున్న దుంపకి ఏడాదికి రెండు మూడు ఆకులే వస్తే మొగ్గ కట్టదు, కట్టినా ఎదగదు. గుబురు మొత్తానికి ఆకు దండిగా కనిపిస్తుంది, కానీ దుంపల లెక్కన పంచి చూస్తే ఒక్కోదానికి మిగిలేది కొంచెమే.

తవ్వే ముందు రోజు సాయంత్రం మడి తడపండి. ఎర్రమట్టి ఎండితే ఇటుకే, పొడిగా ఉన్నప్పుడు గునపం వేస్తే వేర్లు తెగుతాయి. గుబురుకి జానెడు దూరంలో చుట్టూ గునపం దించి, అడుగు లోతు నుంచి మట్టితో సహా పైకి ఎత్తండి. ఆకు పట్టుకుని లాగితే మెడ విరుగుతుంది. గోనె మీద వేసి మట్టి రాల్చి, చేత్తో మెల్లగా మెలితిప్పండి. సొంత వేర్లున్న పిలకలు వాటంతట అవే ఊడొస్తాయి. ఊడనివాటిని స్పిరిట్‌తో తుడిచిన పదునైన బ్లేడుతో కోయండి. దుంప అడుగున గట్టిగా బిళ్లలా ఒక భాగం ఉంటుంది, వేరు పుట్టేది అక్కడి నుంచే. ప్రతి ముక్కకీ ఆ బిళ్ల కొంచెమైనా రావాలి. బిళ్ల లేకుండా పొరలు మాత్రమే వస్తే అది మొలవదు. పిలక మరీ చిన్నదై, ఒక్క వేరు కూడా లేకపోతే తల్లికే వదిలేయండి.

ఇప్పుడు టైలర్ టేపు తీసుకుని దుంప నడుము కొలవండి. చుట్టుకొలత 20 సెంటీమీటర్లు దాటినవి ఈ ఏడే పూసే అవకాశం ఉన్నవి. 12 నుంచి 20 మధ్యవి వచ్చే ఏడు. 12 లోపువి రెండు మూడేళ్ల పని, వాటిని పారేయకుండా ఒక మూల వత్తుగా పెట్టుకోండి.

వేర్లు శుభ్రంగా కత్తిరించేయండి, ఆకులు సగానికి కోయండి. లీటరు నీటికి కార్బెండజిమ్ (కుళ్లు, బూజు పట్టకుండా వేసే మందు) 2 గ్రాములు, ట్రైకోడెర్మా (మొక్కకి మేలు చేసే శిలీంధ్రం పొడి) 10 గ్రాములు కలిపి అరగంట ముంచి, నీడలో రెండు మూడు రోజులు కోత ఆరనిచ్చి పాతండి. మూడో వంతు దుంప మట్టిపైన కనిపించాలి. దుంపకీ దుంపకీ 30 సెంటీమీటర్లు. మీ 8 అడుగుల మడిలో మూడు వరుసలు, వరుసకి ఎనిమిది, మొత్తం 24 పడతాయి. ఒకసారి నీళ్లు పోసి, కొత్త ఆకు కనిపించేదాకా మట్టి బాగా ఆరితేనే మళ్లీ పోయండి.

తగరపువలస_మట్టిమనిషి
జనవరి 25, ఉదయం

పైన చెప్పినదంతా బాగుంది, రెండు చోట్ల మాత్రం ఒప్పుకోలేను.

కార్బెండజిమ్, ట్రైకోడెర్మా ఒకే బకెట్లో కలపకూడదు. ట్రైకోడెర్మా కూడా శిలీంధ్రమే, మందు దాన్ని చంపేస్తుంది. రెంటికీ పెట్టిన డబ్బు నీళ్లలో పోసినట్టే. కోతలు ఎక్కువున్నా, కుళ్లు కనిపించినా కార్బెండజిమ్ ఒక్కదానిలో ముంచండి. దుంపలన్నీ గట్టిగా ఉంటే మందు వద్దు, ట్రైకోడెర్మాని మాగిన గెత్తంలో (పశువుల ఎరువులో) కలిపి, తడి ఆరకుండా పది రోజులు నీడన ఉంచి మడిలో వేయండి. మందులో ముంచిన దుంపలు పాతే మడికి ట్రైకోడెర్మా వేయదలిస్తే మూడు వారాలు ఆగండి.

రెండోది వేర్ల సంగతి. ఎర్ర లిల్లీ వేర్లు ఉల్లి వేర్లలాంటివి కావు. తెల్లగా, లావుగా ఉన్నవి ఏడాది పొడుగునా బతికే వేర్లు, తిండి దాచుకునేవి. అవి కత్తిరిస్తే దుంప తన తిండి ఖర్చు పెట్టుకుని కొత్తవి వేసుకోవాలి, ఆ ఏడు పువ్వు పోతుంది. గోధుమ రంగుకి తిరిగి, నొక్కితే బోలుగా అణిగిపోయే వేర్లు మాత్రమే తీసేయండి. మిగతావి చెక్కుచెదరకుండా, గుంటలో చిన్న మట్టిముద్ద పెట్టి దాని మీద దుంప కూర్చోబెట్టి చుట్టూ పరిచి పూడ్చండి. గుంట అడుగున గాలి ఖాళీ ఉండకుండా అరచేత్తో అదమాలి. ఆకు సగానికి కోయడం సరే, వేర్లు దెబ్బతిన్నప్పుడు అన్ని ఆకులకీ నీళ్లు అందవు కదా.

ఇక దండల లిల్లీ. పాత పేరు నేల సంపెంగ, ఉత్తరాదివాళ్ల రజనీగంధ. దీనికి ఎర్ర లిల్లీకీ పొంతన లేదు. ఎర్ర లిల్లీ దుంప ఏటా అదే పూస్తుంది. దీనిలో ఒకసారి పూసిన దుంప మళ్లీ పూయదు. చుట్టూ పుట్టిన పిల్లలే పూస్తాయి. నాలుగేళ్ల గుబురంటే మధ్యలో పూసి చచ్చిన దుంపలు, చుట్టూ చోటు లేక సన్నబడిన పిల్లలు. ఈ రకాన్ని రెండు మూడేళ్లకొకసారి తవ్వి విడదీయాలి, మీకు ఒక ఏడు ఆలస్యమైంది.

తవ్వాక ఆకుని మెడకి రెండు మూడు సెంటీమీటర్లు ఉంచి కోయండి, ఎండు వేర్లు తీసేయండి. విడదీసి చూస్తే కొన్నిటి నడినెత్తిన ఎండిన కాడ మోడు, దాని అడుగున బొక్క కనిపిస్తుంది. అవి పూసినవి, పారేయండి. కదురు ఆకారంలో, రెండు కొసలూ సన్నగా నడుము లావుగా, అడ్డంగా కొలిస్తే రెండు నుంచి మూడు సెంటీమీటర్లున్నవి ఏరి పెట్టండి. పూసేవి అవే. ఒకటిన్నర సెంటీమీటరు లోపువాటిని విడిగా వత్తుగా వేసి ఏడాది లావెక్కనివ్వాలి.

ఏరినవాటిని వెంటనే పాతొద్దు. నెల నుంచి నెలన్నర విశ్రాంతి ఇస్తే మొలక సమంగా వస్తుంది, పువ్వూ త్వరగా పడుతుంది. ఇక్కడే విశాఖ గాలి తేమ దెబ్బతీస్తుంది. పాలిథిన్ సంచిలో కట్టి అటక మీద పెడితే మూడు వారాల్లో ఆకుపచ్చ బూజు. ఉల్లిపాయల జల్లి సంచి గానీ, అట్టల మీద ఒకే వరస గానీ ఉండాలి. నీడ, గాలి ఆడే చోటు, వంటింటి ఆవిరి తగలకూడదు. మూడు నాలుగు రోజులకోసారి తిరగేయండి, మెత్తబడింది కనిపిస్తే తీసేయండి. ఫిబ్రవరి మొదట్లో తవ్వినవి ఉగాది సమయానికి నాటుకు సిద్ధంగా ఉంటాయి. కొస పైకి ఉండేలా 4 నుంచి 5 సెంటీమీటర్ల లోతు, 20 సెంటీమీటర్ల ఎడం. నాటిన మూడు నుంచి మూడున్నర నెలలకి మొదటి కాడ. అంటే ఆషాఢం, శ్రావణాల్లో మీకు పూలు.

మడి విషయం. 24 చదరపు అడుగులంటే రెండు చదరపు మీటర్లకి కాస్త పైన. అడుగు లోతు తవ్వి, పది పన్నెండు కిలోల బాగా మాగిన గెత్తం, పావుకిలో వేపపిండి, 200 గ్రాముల ఎముకల పొడి కలపండి. వాసన లేకుండా, టీ పొడిలా పొడిపొడిగా ఉంటే మాగినట్టు. పచ్చిది వేస్తే వేడికి అడుగు బిళ్ల కుళ్లుతుంది. ఎముకల పొడి పైపైన చల్లితే తెల్లారేసరికి వీధికుక్కలు మడంతా తవ్వి పెడతాయి, లోపలికి కలిపేయండి. మడి చుట్టూ నేల కన్నా అర అడుగు ఎత్తుండాలి. వానాకాలం అంతా ఒక ఎత్తు, అక్టోబరు ఒక్క నెల ఒక ఎత్తు. మనకి అన్నిటికన్నా ఎక్కువ వాన కురిసేది అప్పుడే, నీరు నిలిచిన మడిలో దుంప నాలుగు రోజులు ఆగదు.

భీమిలి_గాలి
జనవరి 25, రాత్రి

ఫుట్‌బాల్ లిల్లీ గురించి ఎవరూ చెప్పలేదు. తవ్వేటప్పుడు ముందు పోయేది అదే, ఎందుకంటే పైన ఏమీ కనిపించదు. అది ఉండొచ్చనుకున్న చోట గునపం దించకండి. ఎర్ర లిల్లీ తీసేశాక మిగిలిన మట్టిని చేతి తొలికతో పైనుంచి రెండేసి అంగుళాలు గీరుతూ పోండి. బొటనవేలి లావు మెడ, కింద నిమ్మకాయ నుంచి బత్తాయంత దుంప, బిళ్ల నుంచి పాకిన లావుపాటి వేర్లు కనిపిస్తాయి. ఈ మొక్కకి కదపడం గిట్టదు. వేరు తెగితే ఏడాది అలిగి కూర్చుంటుంది, ఆకు వేస్తుంది గానీ పువ్వు వేయదు. అందుకే దీన్ని ఆరబెట్టొద్దు, విడదీయొద్దు. మట్టిముద్దతో సహా ఎత్తి అదే పూట కొత్త చోట పెట్టేయండి. పిలక ఉంటే దానంతట అది ఊడితేనే తీయండి.

పాతేటప్పుడు మెడ కొస నేలమట్టానికి రావాలి, మూడో వంతు పైకి పెట్టే లెక్క దీనికి లేదు. పక్కన పుల్ల గుచ్చి గుర్తు పెట్టండి, లేకపోతే వచ్చే చలికాలం మళ్లీ ఇదే వెతుకులాట. ఏప్రిల్ దాకా నీళ్లు వద్దు. రోళ్లు పగిలే ఎండల్లో ఒక జల్లు పడగానే మచ్చల కాడ లేచి, ఎర్రటి బంతి విచ్చుకుంటుంది, ఆకు తర్వాత. మధ్యాహ్నం ఎండ తగలని చోటు చూడండి, మామిడి చెట్టు అంచు నీడైనా బాగుంటుంది.

వాన లిల్లీకి ఇంత హంగామా అక్కర్లేదు. పారతో పలకలుగా కోసి, ఆరారు దుంపల గుత్తులుగా విడదీసి, మూడు నాలుగు సెంటీమీటర్ల లోతున అంచు వెంట పెట్టుకుంటూ పోవడమే. దీన్ని ఒంటరిగా పెడితే బోసిగా ఉంటుంది, ఇరుకు దీనికి ఇష్టం. పూయించాలంటే వేసవిలో రెండు వారాలు నీళ్లు ఆపి, తర్వాత ఒకేసారి మడి నిండా తడపండి. వాన పడిందని నమ్మి నాలుగైదు రోజుల్లో మొగ్గ ఎత్తుతుంది.

ఇసుక కలపమని ఎవరైనా అంటే బీచ్ ఇసుక తేవద్దు. ఉప్పు, గవ్వ పొడి, రెండూ దుంపకి చేటే. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చే నది ఇసుకే వాడండి. అలాగే బోరు నీళ్లు పోసిన చోట మట్టి మీద తెల్లటి పొర కడుతుంటే ఎర్ర లిల్లీ ఆకు కొసలు మాడతాయి. అలాంటి చోట నెలకోసారి కుళాయి నీళ్లతో మడి కింద నుంచి కారేంత పోసి ఉప్పు కడిగేయాలి. సముద్రం గాలి నేరుగా తగిలే ఇళ్లకి సాలీడు లిల్లీ, కేసరి లిల్లీ తట్టుకున్నట్టు ఇవి తట్టుకోలేవు. మధురవాడలో మీకు కొండ అడ్డం ఉంటే పెద్ద ఇబ్బంది లేదు.

ఒక హెచ్చరిక. ఎర్ర లిల్లీ, ఫుట్‌బాల్, వాన లిల్లీ దుంపల్లో లైకోరిన్ అనే విషం ఉంటుంది. ఒక్క ముక్క తిన్నా వాంతులు పట్టుకుంటాయి. ఆరబెట్టిన దుంపలు చూడ్డానికి అచ్చం ఉల్లిపాయలే. జల్లి సంచిలో పెట్టి వంటింటి గూట్లో వేలాడదీసే పని మాత్రం చేయొద్దు. దురద పడేవాళ్లు చేతులకి తొడుగులు వేసుకోండి.

గాజువాక_బాల్కనీ
జనవరి 26

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. మడి లేదు, తూర్పు బాల్కనీలో కుండీలే. ఎర్ర లిల్లీ ఒకటి పెట్టాలంటే ఎంత కుండీ? ఆన్‌లైన్‌లో ట్యులిప్ దుంపలు కూడా చూపిస్తున్నారు, కొననా?

సీతమ్మధార_మేడతోట
జనవరి 26

ఒక దుంపకి 8 అంగుళాల కుండీ, మూడింటికి 12 అంగుళాలది. దుంపకీ కుండీ గోడకీ మధ్య రెండు వేళ్ల సందు చాలు. వెడల్పు ఎక్కువైతే వేరు చేరని మట్టి తడిగా ఉండిపోయి కుళ్లు మొదలవుతుంది. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు గెత్తం లేదా వర్మీకంపోస్టు, ఒక పాలు ఇసుక, గుప్పెడు వేపపిండి. కింద చిప్ప పెట్టి అందులో నీళ్లు నిలవనివ్వొద్దు.

ట్యులిప్ వద్దు. దానికి 12 నుంచి 14 వారాలు 5–9 డిగ్రీల చలి కావాలి. మన జనవరి రాత్రి కూడా 18 డిగ్రీల దగ్గరే తిరుగుతుంది. ఫ్రిజ్‌లో పెట్టి పూయించినా ఒక్కసారే, దుంప మళ్లీ పనికిరాదు. ఆ డబ్బుకి గ్లాడియోలస్ గడ్డలు కొని అక్టోబరు వానలు తగ్గాక నాటండి, రెండున్నర మూడు నెలల్లో పూస్తాయి.

పైన మట్టిమనిషి గారు పట్టిన రెండు తప్పులూ తప్పులే. వేర్ల మాట నేను దండల లిల్లీకి చెప్పాల్సింది, దీనికి అంటగట్టాను. మధురవాడ గారూ, నా మాట వదిలేసి ఆయన చెప్పినట్టు చేయండి.

మధురవాడ_పెరడు
ఫిబ్రవరి 3

అందరికీ కృతజ్ఞతలు. నిన్న తవ్వాం. ఎర్ర లిల్లీ మొత్తం 61 దుంపలు. టేపు పెడితే 20 దాటినవి 19, మధ్యవి 23, చిన్నవి 19. ఫుట్‌బాల్ లిల్లీ నాలుగు దొరికాయి, ఒకదానికి గునపం తగిలి పక్కన చెక్క లేచింది. వాన లిల్లీ లెక్క పెట్టలేదు.

మూడు అనుమానాలు వచ్చాయి. ఎర్ర లిల్లీ దుంపల్లో ఏడెనిమిదింటి మీద ఎర్రటి మరకలు, కొన్నిటి ఆకు అడుగున కూడా ఎర్రగీతలు ఉన్నాయి. నాలుగు దుంపలు నొక్కితే మెత్తగా ఉన్నాయి. దండల లిల్లీ వేర్లకి ఆవాలంత, మిరియాలంత బుడిపెలు. ఇది రోగమా?

తగరపువలస_మట్టిమనిషి
ఫిబ్రవరి 3, సాయంత్రం

బుడిపెల నుంచి మొదలుపెడతాను, ఎందుకంటే కొత్త మడికి ప్రమాదం అదే. అవి నులిపురుగులు, కంటికి కనిపించనివి, వేరులో దూరి బుడిపె కట్టిస్తాయి. దండల లిల్లీకి ఇది బాగా పట్టే తెగులు. వేర్లన్నీ బిళ్ల దాకా కోసి కాల్చేయండి, ఎరువు కుప్పలో పడేయొద్దు. వాటికి అంటిన మట్టి కొత్త మడిలోకి పోకుండా దుంపల్ని కుళాయి కింద కడగండి. అయినా ఈ దుంపల్ని ఎర్ర లిల్లీ పక్కన పెట్టకండి, విడిగా కుండీల్లోనో సంచుల్లోనో వేసుకోండి. ప్రహరీ పని అయ్యాక పాత మడిలో చదరపు మీటరుకి 200 గ్రాముల వేపపిండి కలిపి, రెండు మూడు నెలలు బంతిపూలు వేసి, ఆ మొక్కల్ని అక్కడే తవ్వి కలిపేయండి. బంతి వేరు దగ్గర నులిపురుగు పెరగదు. ఆ మడిలో వంగ, టమాటా, బెండ మాత్రం వేయొద్దు, వాటికీ ఇదే పడుతుంది.

మెత్తటివాటిలో ఎక్కడ మెత్తనో చూడండి. అడుగు బిళ్ల మెత్తబడి, వాసన వస్తే పారేయడమే. పైపొర ఒకటి రెండే మెత్తగా ఉంటే గట్టి తెల్లపొర వచ్చేదాకా ఒలిచి, కార్బెండజిమ్ 2 గ్రాముల నీళ్లలో అరగంట ముంచి, వారం ఆరబెట్టి, విడిగా కుండీలో పెట్టి చూడండి.

సీతమ్మధార_మేడతోట
ఫిబ్రవరి 3, రాత్రి

ఎర్రమరకలకి భయపడే ముందు ఒక పరీక్ష. ఈ దుంప ఎక్కడ గీరుకున్నా, పురుగు కొరికినా అక్కడ ఎర్రరంగు ఊరుతుంది. అది మొక్క చేసుకునే కట్టు లాంటిది. మరక ఉన్న పొర ఒలిచి చూడండి. కింది పొర తెల్లగా ఉంటే వట్టి గాయం, అలాగే పాతేయండి. రెండు మూడు పొరల లోతున కూడా ఎరుపు ఉండి, ఆకు మీద గీతలు గుంట పడినట్టు, ఆకు ఆ పక్కకి వంకర తిరిగినట్టు ఉంటే ఎర్రమచ్చ తెగులు. ఆ ఆకులు మొదలంటా కోసేసి, ఎర్రపొరలు ఒలిచి, కాపర్ ఆక్సీక్లోరైడ్ 3 గ్రాములు లీటరు నీటిలో కలిపి మెడలోకి దిగేలా పోయండి. పది పన్నెండు రోజులకి మళ్లీ ఒకసారి. ఆ తర్వాత నీళ్లు ఎప్పుడూ మొదట్లోనే, ఆకుల మీద పైపుతో చిమ్మకూడదు. ఈ తెగులు నీటి చుక్కతోనే పక్కదానికి పాకుతుంది. అనుమానం ఉన్నవాటిని మడిలో కాకుండా కుండీల్లో పెట్టండి, వచ్చే ఏడు శుభ్రంగా ఉంటే కలుపుకోవచ్చు.

మీ లెక్కకి వస్తే, మంచివాటిలో 20 దాటినవన్నీ ఎండ బాగా పడే వరుసల్లో, మిగిలిన చోట మధ్యవాటిలో లావుపాటివి. మిగతా మధ్యవి కుండీల్లోకి. చిన్నవి మూలన 10 సెంటీమీటర్ల ఎడంగా పెట్టండి. కొత్త ఆకులు రెండు వచ్చాక పదిహేను రోజులకోసారి 19:19:19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉన్నది) లీటరుకి 2 గ్రాములు. యూరియా వద్దు, ఆకు కోసం పూలు వదులుకున్నట్టవుతుంది. ఈ వేసవి ఒక్కో పెద్ద దుంపకి ఒక కాడ వస్తే మంచి ఫలితమే, రాకపోతే ఆకుల లెక్క చూడండి. దుంపకి ఐదారు ఆకులుంటే వచ్చే ఏడు కాడ వచ్చేదే. పూలు వాడగానే కాడ కోయండి, కాయ పడనివ్వొద్దు, ఆకు జోలికి మాత్రం పోవద్దు. అందంగా లేదని పచ్చి ఆకు కోసేవాళ్ల దుంపలే ఏటా సన్నబడేది.

భీమిలి_గాలి
ఫిబ్రవరి 4

గునపం తగిలిన ఫుట్‌బాల్ దుంప ఒక్కదానికే నేను చెప్పిన నియమం మార్చండి. చెక్క లేచిన చోట వేలాడే ముక్క తీసేసి, బొగ్గు పొడి అద్ది, నాలుగు రోజులు నీడలో ఆరనిచ్చి పాతండి. బిళ్ల పగలకపోతే బతుకుతుంది. ఈ ఏడు పువ్వు ఆశించకండి.

ఇంకోటి, తొలకరి పడ్డాక మొదటి రెండు వారాలు సాయంత్రం పూట ఎర్ర లిల్లీ ఆకుల వెనక చూస్తూ ఉండండి. నల్లటి ఒళ్లు మీద తెల్ల చుక్కలు, నారింజ చుక్కలు ఉన్న గొంగళిపురుగులు గుంపుగా వస్తాయి. చిన్నగా ఉన్నప్పుడు అన్నీ ఒకే ఆకు మీద ఉంటాయి, ఆ ఆకు కోసి సబ్బునీళ్లలో పడేస్తే అయిపోతుంది. వదిలేస్తే రెండు మూడు రోజుల్లో మెడ దాకా తినేసి దుంపలోకి దిగుతాయి, అప్పుడు పైనుంచి ఏ మందు కొట్టినా అందదు.

మధురవాడ_పెరడు
ఫిబ్రవరి 4

ఒలిచి చూశాను. ఐదింటికి కింద తెల్లగానే ఉంది, మూడింటికి లోపలిదాకా ఎరుపు. ఆ మూడూ కుండీల్లోకి వెళ్లాయి. మెత్తటి నాలుగింటిలో రెండు పారేశాను. చివరిగా ఒక్కటి: దండల లిల్లీ పిల్లదుంపలు 40 దాకా ఉన్నాయి, వాటినీ నెల రోజులు ఆరబెట్టాలా?

తగరపువలస_మట్టిమనిషి
ఫిబ్రవరి 4, రాత్రి

అక్కర్లేదు. అంత చిన్నవి నెల రోజుల్లో ముడుచుకుపోతాయి. కడిగి, వారం నీడలో ఉంచి, పాత పెయింటు డబ్బాలో గానీ సిమెంటు సంచిలో గానీ 5 సెంటీమీటర్ల ఎడంగా, రెండు సెంటీమీటర్ల లోతున వేసేయండి. డబ్బా అడుగున నాలుగైదు బొక్కలు కొట్టడం మర్చిపోకండి.